నీటిలో నల్ల చుక్క

పుట్టుకతోనే వినపడని బిడ్డకు కోక్లియర్ ఇంప్లాంట్ పెట్టాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: లోచెవి నుంచి మెదడుకు పోయే వినికిడి నరం అసలుందా? ఇంప్లాంట్ పాడైన లోచెవికి బదులుగా పనిచేస్తుందే గాని నరానికి బదులు కాలేదు. నరం లేకుండా దాన్ని పెట్టడం వైరే లేని ఇంట్లో కొత్త బల్బు బిగించడం లాంటిది. ఆ నరం మందం సుమారు ఒక మిల్లీమీటరు. అదుండేది పుర్రెలోకెల్లా గట్టి ఎముక లోపల. దాన్ని ఎంఆర్‌ఐ పట్టుకునే తీరు నాకెప్పుడూ అబ్బురమే. యంత్రం చూసేది నరాన్ని కాదు, దాని చుట్టూ ఉన్న నీటిని.

ఆ ఎముకలో చిన్న సొరంగం ఉంది. మెదడు చుట్టూ ఉండే నీరే అందులోకీ వచ్చి నిండుతుంది, నరాలు అందులో మునిగి ఉంటాయి. రేడియో తరంగంతో కదిలించిన హైడ్రోజన్ కేంద్రకాలు కాసేపు ఒకే తాళంలో తిరుగుతాయి. నరంలో ఆ తాళం సెకనులో పదో వంతులోపే చెదిరిపోతుంది, నీటిలో సెకను దాటినా నిలుస్తుంది. ఉయ్యాల ఆగకముందే మళ్లీ ఊపినట్టు, కొన్ని మిల్లీసెకన్లకోసారి తరంగాన్ని పంపుతూ పోతే వాటి నుంచి వచ్చే సంకేతం చావదని 1958లోనే భౌతిక శాస్త్రవేత్త హెర్మన్ కార్ చూపాడు. అప్పుడు నీరు తెల్లగా మెరుస్తుంది, నరం నల్లగా తేలుతుంది. కానీ ఈ పద్ధతికి అయస్కాంత క్షేత్రం అంతటా సమంగా ఉండాలి. చెవి దగ్గర ఎముకా గాలీ పక్కపక్కనే ఉండటంతో క్షేత్రం వంకరపోయి, బొమ్మలో నల్ల చారలు పడతాయి. నల్ల నరం కోసం వెతికే చోట నల్ల చార పడితే ఇక దేన్ని నమ్మాలి? దీనికి దొరికిన ఉపాయం ఎంత సులువైనదో చూడండి. బొమ్మను రెండుసార్లు తీస్తారు, రెండోసారి తరంగాల వరసను మారుస్తారు. అద్దాన్ని జరిపితే దాని మీది మరక జరుగుతుంది, ముఖం మీది పుట్టుమచ్చ జరగదు. అలాగే చార జరుగుతుంది, నరం జరగదు. రెండు బొమ్మల్లో ప్రతి బిందువు దగ్గరా ఎక్కువ వెలుగున్నదాన్ని తీసుకుంటే చారలు మాయమవుతాయి. 1993లో బెల్జియంలో కాసెల్‌మన్ బృందం ఈ పద్ధతిని లోచెవికి వాడింది. ఆ తర్వాత అది దేశదేశాలకూ పాకింది.

సీటీ స్కాన్ చాలదా అంటారు. సీటీ ఎలాగూ కావాలి. ఆపరేషన్‌లో డ్రిల్లు వెళ్లేది ముఖ నరం పక్క నుంచే కాబట్టి, ఆ నరం నడిచే ఎముక దారిని ముందే చూసుకోవాలి. కానీ సీటీ చూపేది సొరంగం గోడలనే. సొరంగం మామూలు వెడల్పులో ఉన్నా లోపల వినికిడి నరం లేకపోవచ్చు. ఎంఆర్‌ఐలో సొరంగాన్ని అడ్డంగా కోసి చూస్తే తెల్లని వలయంలో నాలుగు నల్ల చుక్కలుంటాయి: ముందువైపు పైన ముఖ నరం, కింద వినికిడి నరం, వెనక రెండూ తూలకుండా నిలబెట్టేవి. పసిబిడ్డను కదలకుండా పడుకోబెట్టడానికి మత్తు ఇవ్వాలి కదా అన్నది మరో అభ్యంతరం. అది న్యాయమైన భయమే. నెలల పిల్లలకైతే పాలు పట్టి, చుట్టి, సహజ నిద్రలోనే తీయడం కొన్నిసార్లు కుదురుతుంది. ఎదిగిన పిల్లలకు మత్తు తప్పదు. అందుకే ఆ ఒక్కసారిలోనే అడ్డకోత బొమ్మతో సహా అన్నీ తీసేయాలంటాను. ఉట్నూర్ ఏజెన్సీ గూడెం నుంచి హైదరాబాద్ కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రికి రావాలంటే దాదాపు 300 కిలోమీటర్లు. ఆపరేషన్ ఖర్చు ఆరోగ్యశ్రీ భరిస్తుంది గాని, మాటలు నేర్చే వయసు రెండో ప్రయాణం దాకా ఆగదు.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం వేరు. బొమ్మలో నరం కనిపించని పిల్లల్లో కొందరు ఇంప్లాంట్ తర్వాత విన్నారు. అది నిజం. బొమ్మలోని ఒక్కో గడి అర మిల్లీమీటరు అటూఇటూ ఉంటుంది. అంతకన్నా సన్నని పోగును నీటి వెలుగు మింగేస్తుంది. వినికిడి పోగులు పక్క నరంతో కలిసి పోతూ ఉండవచ్చు కూడా. కాబట్టి కనిపించలేదన్నదాన్ని లేదని చదవకూడదు. వినికిడి నరం చుక్క కనిపించని బిడ్డకు తలుపు మూసే ముందు, లోచెవిని విద్యుత్తుతో తట్టి మెదడు బదులిస్తుందేమో చూడాలి.