యానాము సరిహద్దు – బేరసారములు

గౌతమీ గోదావరి సముద్రమును చేరుటకు ముందు, దాని ఉత్తరతీరమున యానాము కలదు. దీని వైశాల్యము సుమారు 30 చదరపు కిలోమీటర్లు మాత్రమే. చుట్టునున్నది ఆంధ్రదేశము, ఇరువైపుల వారి భాషయు తెలుగే. అయినను 1954 వరకు ఈ చిన్ననేల చుట్టును ఒక అంతర్జాతీయ సరిహద్దు ఉండెను. కాకినాడనుండి 30 కిలోమీటర్లు బండిపై వచ్చినవాడును, ఎదుర్లంక రేవున పడవ యెక్కి గౌతమిని దాటినవాడును ఫ్రెంచి రాజ్యమున అడుగిడినట్లే. ఈ సరిహద్దు సామాన్య కుటుంబముల కొనుబడిని, వర్తకుల లాభనష్టములను ఎట్లు నడపినదో తెలిసికొనదగినది.

ఫ్రెంచివారు 1723లో ఇచ్చట వర్తకస్థానము నేర్పరచి, లాభము గిట్టక 1727లో విడిచి, 1731లో మరల వచ్చిరి. వారిని ఆకర్షించినవి ఈ ప్రాంతపు నేతబట్టలు. పొరుగుననున్న నీలపల్లి, ఇంజరము గ్రామములందు ఇంగ్లీషువారికిని వర్తకస్థానములుండెను. అనగా, ఒకే సాలెవాని గుమ్మమున ఇద్దరు కొనుగోలుదారులు నిలిచిన పోటీయే ఈ సరిహద్దునకు మూలము. యుద్ధకాలములందు ఇంగ్లీషువారు యానామును పలుమారులు పట్టుకొనిరి. 1814 నాటి పారిసు సంధి ననుసరించి అది తిరిగి ఫ్రెంచివారికి దక్కినది. కోటలు కట్టరాదనియు, శాంతిభద్రతలకు వలసినంతకు మించి సైన్యము నుంచరాదనియు ఆ సంధిలో నియమము. కావున ఈ సరిహద్దు గోడలలో గాక, సుంకములలోను చట్టములలోను ఉండెను.

అట్టి సరిహద్దువద్ద వర్తకసూత్ర మొక్కటే. ఒకే సరకునకు గీత కీవల నొక వెల, ఆవల నొక వెల యున్నచో, ఎంత కావలి యున్నను సరకు చౌకవైపునుండి ప్రియమైన వైపునకు ప్రవహించును. ఇంగ్లీషువారీ సంగతిని ఉప్పు విషయమున ముందుగనే గ్రహించిరి. ఉప్పు వారి గుత్తవ్యాపారము. ఫ్రెంచినేలపై తయారైన ఉప్పు చౌకగా తమ సీమలోనికి వచ్చినచో ఆ గుత్తకు భంగము. అందుచే 1815లో ఫ్రెంచివారితో ఒడంబడిక చేసికొని, ఆ ఉప్పును కొను హక్కును తామే పొంది, ప్రతిగా ఏటేట 4 లక్షల సిక్కా రూపాయలిచ్చుటకు సమ్మతించిరి. వెలల వ్యత్యాసమును కావలివాండ్రతో ఆపుటకంటె సొమ్మిచ్చి తొలగించుటయే మేలని వారెంచిరి.

అన్ని సరకులకు నిట్టి యేర్పాటు సాధ్యము కాలేదు. యానామున మంగళవారపు సంత పేరొందినది. పొరుగుపల్లెలవారు ధాన్యము, కాయగూరలు అమ్ముకొని, మరలిపోవునపుడు ఫ్రెంచి రాజ్యమున చౌకగా దొరకు విదేశపు సరకులు కొనుచుండిరి. బ్రిటిషు ఇండియాలో దిగుమతి సుంకములు పెరిగినకొలది ఈ కొనుబడి లాభమును పెరుగుచుండెను. 1933లో బ్రిటిషేతర నూలుబట్టలపై సుంకము నూటికి 75 వంతుల కెక్కినది. అట్టి దినములలో, సుంకము చెల్లింపక గీత దాటించిన చీర చట్టము దృష్టిలో దొంగసరకు. కొనిన ఇల్లాలి దృష్టిలో సంతనుండి తెచ్చుకొన్న చీర మాత్రమే.

సరిహద్దు బట్టలకే పరిమితము కాలేదు. 1930లో శారదా చట్టము అమలునకు వచ్చి, బ్రిటిషు ఇండియాలో 14 ఏండ్లు నిండని బాలికకును, 18 ఏండ్లు నిండని బాలునికిని వివాహము చేయుట నేరమయ్యెను. ఫ్రెంచి యానామున ఆ చట్టము లేదు. చుట్టుప్రక్కల జిల్లాలవారు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి పెండ్లిండ్లు జరిపింప, ఆ ఊరికి కల్యాణపురమను పేరు వచ్చినది. పెండ్లివారి రాకచే పురోహితునికి, మేళగానికి, బట్టలవర్తకునికి చేతినిండ పని దొరకెను. కాని యే గీత చౌకచీర నిచ్చినదో, ఆ గీతయే చట్ట మిచ్చిన రక్షణను బాలికకు దూరము చేసినది. ఈ లాభమును లెక్కించునపుడు ఆ వెలను మరువరాదు.

1941లో రెండు ప్రభుత్వములకును సుంకముల విషయమున ఒడంబడిక కుదిరి వ్యత్యాసము తగ్గెను. స్వాతంత్ర్యానంతరము, 1949లో ఆ ఒడంబడిక రద్దుకాగా, ఫ్రెంచి స్థావరముల చుట్టును కావలి మరల బిగిసెను. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటను మద్యనిషేధము అమలులోనికి రాగా, గీత కావల దొరకునది ఈవల నేరమయ్యెను. 1954లో రాకపోకలకును అనుమతిపత్రములు వలసివచ్చెను. పొరుగుపల్లెల ధాన్యము, కూరగాయలు రానిచో యానామునకు సంతయే లేదు. సరిహద్దు వలన బాగుపడిన ఊరికే ఆ సరిహద్దు భారమయ్యెను. 1954 జూన్ 13న యానాము విమోచనమొందెను. నవంబరు 1న పరిపాలన భారతదేశమునకు సంక్రమించెను. 1962 ఆగస్టు 16న విలీనము చట్టరీత్యా పూర్తియయ్యెను.

అంతర్జాతీయ సరిహద్దు పోయినను వెలల గీత పూర్తిగ చెరగలేదు. యానాము పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమునకు చెందుటచే పన్నులు వేరైనవి. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధము విధింపబడి 1997లో సడలింపబడు వరకు ఆ నిషేధము యానామునకు వర్తింపలేదు. 2017లో వస్తుసేవల పన్ను వచ్చి పెక్కు సరకులపై పన్ను దేశమంతట నొక్కటే యయ్యెను. మద్యము, పెట్రోలు మాత్ర మా పన్ను పరిధిలో చేరలేదు.

దీనివలన తెలియునది యిది: రెండు చట్టముల నడిమి సందున పుట్టిన లాభము, ఆ సందు మూసికొన్ననాడు పోవును. ఉప్పు బేరము పోయినది, పట్టుబట్టలు దాటించుట పోయినది, కల్యాణపుర మను పేరును పాతబడినది. పొరుగూరి కూరలగంప, ఆవలి యొడ్డు వియ్యము, మంగళవారపు సంత మాత్రము నిలిచినవి. ఇవి యే గీతను ఆధారము చేసికొని పుట్టినవి కావు.