ప్రకృతి చికిత్స, పోషకాహార శాస్త్రాలలో దూరవిద్య

ప్రకృతి చికిత్స, మూలికా విజ్ఞానం, పోషకాహార శాస్త్రం వంటి విషయాలను కళాశాలకు వెళ్ళకుండా, తపాలా ద్వారా గాని అంతర్జాలం ద్వారా గాని స్నాతకోత్తర స్థాయిలో అభ్యసించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. ఉద్యోగం చేస్తూ చదువుకొనేవారికి, గృహిణులకు, మధ్య వయసులో తిరిగి చదువు మొదలుపెట్టేవారికి ఈ విధానం అనుకూలమైనది. అయితే ఆరోగ్యానికి సంబంధించిన చదువు కావడం వలన పట్టాకు గుర్తింపు ఉన్నదా, ప్రత్యక్ష శిక్షణ ఉన్నదా అనే రెండు ప్రశ్నలు మిగతా చదువులలో కంటే ఇక్కడ ఎక్కువ ముఖ్యమైనవి. వీటిని విస్మరించినందువలన విద్యార్థులు డబ్బు, కాలం నష్టపోవడమే గాక, వారిని నమ్మిన రోగులు కూడా నష్టపోయే ప్రమాదం ఉన్నది.

పేర్లు, అర్థాలు

ఈ రంగంలో వినిపించే పేర్లు ఒకేలా కనిపించినా వాటి అర్థాలు వేరు. పోషకాహార శాస్త్రం జీవరసాయన శాస్త్రం, శరీరధర్మ శాస్త్రం, గణాంక శాస్త్రాల ఆధారంగా ఎదిగిన విజ్ఞానం. రోగి పరిస్థితిని బట్టి ఆహారాన్ని నిర్ణయించే నిపుణుని డైటీషియన్ అంటారు. ప్రకృతి చికిత్స అనేది నీరు, మట్టి, ఎండ, ఉపవాసం, ఆహార నియమాలతో దేహం తనను తాను బాగుచేసుకొంటుందనే సిద్ధాంతంపై ఆధారపడిన ప్రత్యామ్నాయ పద్ధతి. ఇక సహజ ఆరోగ్యం, సంపూర్ణ పోషణ వంటి పేర్లకు అన్ని దేశాలకూ ఒప్పుదలైన నిర్వచనం లేదు. బ్రిటనులో డైటీషియన్ అనే పేరుకు చట్టరక్షణ ఉన్నది. నమోదు కానివారు ఆ పేరు వాడకూడదు. న్యూట్రిషనిస్ట్ అనే పేరుకు అక్కడ అటువంటి రక్షణ లేదు, దానిని ఎవరైనా వాడుకోవచ్చును.

చరిత్ర

తపాలా ద్వారా బోధన 19వ శతాబ్దంలో మొదలైనది. ఇంగ్లాండులో ఐజాక్ పిట్‌మన్ 1840లో సంక్షిప్త లిపిని ఉత్తరాల ద్వారా నేర్పించాడు. 1858లో లండన్ విశ్వవిద్యాలయం బయటి విద్యార్థులకు కూడా పరీక్షలు వ్రాసి పట్టా పొందే అవకాశం కల్పించింది. భారతదేశంలో ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో కరస్పాండెన్స్ కోర్సులు ప్రారంభించింది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఆంధ్ర ప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరుతో ఏర్పడింది. దీనికి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1985లో ఏర్పడింది.

ప్రకృతి చికిత్సకు తెలుగువారితో పాత సంబంధం ఉన్నది. జర్మనీకి చెందిన లూయీ కూనే రచించిన ప్రకృతి చికిత్సా గ్రంథాన్ని 1894లో డి. వేంకటచలపతి శర్మ తెలుగులోకి అనువదించాడు. భారతదేశంలో ఈ ఉద్యమానికి ఆ అనువాదమే నాంది అని చెబుతారు. పోషకాహార పరిశోధనకూ హైదరాబాదు కేంద్రమే. 1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరులో బెరిబెరి వ్యాధిపై ప్రారంభించిన పరిశోధనా విభాగం క్రమంగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా మారింది.

బోధనా విధానం, పరిమితులు

దూరవిద్యలో విద్యార్థికి పాఠ్యగ్రంథాలు, దృశ్య పాఠాలు అందుతాయి. విద్యార్థి నియోజిత కార్యాలు వ్రాసి పంపి, చివర పరీక్షకు హాజరవుతాడు. పిండిపదార్థాలు, మాంసకృత్తులు, విటమినుల జీవక్రియ, ఆహార పదార్థాల సంఘటన, పరిశోధనా పత్రాలను చదివి తూచే పద్ధతి మొదలైనవి ఈ విధంగా చక్కగా నేర్చుకోవచ్చును. ఈ భాగంలో శ్రద్ధగల దూరవిద్యా విద్యార్థి తరగతిలో కూర్చున్న విద్యార్థికి తీసిపోడు.

రోగి ఎదుట కూర్చొని నేర్చుకోవలసిన విషయాలు మాత్రం పుస్తకంతో పూర్తి కావు. కొన్ని ఉదాహరణలు:

- మూత్రపిండాలు బాగా దెబ్బతిన్న రోగి శరీరంలో పొటాషియం పేరుకొంటుంది. సాధారణంగా మేలు చేసే కొబ్బరినీళ్ళు, పండ్లరసాలు అటువంటివానికి గుండె లయ తప్పించేటంత ప్రమాదం కలిగించవచ్చును.
- ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మధుమేహపు మాత్రలు గాని వాడుతున్న వ్యక్తి మందు మోతాదు మార్చకుండా ఉపవాసం చేస్తే రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోయి స్పృహ తప్పవచ్చును.
- రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలను ఒక్కసారిగా ఎక్కువ చేస్తే వాటిలోని విటమిన్ కె వలన మందు ప్రభావం తగ్గుతుంది.

ఇటువంటి సందర్భాలను గుర్తుపట్టడం, ఎప్పుడు వైద్యుని వద్దకు పంపాలో తెలుసుకోవడం అనుభవజ్ఞుల పర్యవేక్షణలో అలవడే విద్య. అందుచేతనే అమెరికాలో నమోదిత డైటీషియన్ కాదలచినవారికి చదువుతో పాటు సుమారు 1000 గంటల పర్యవేక్షిత శిక్షణ ఉంటుంది. 2024 జనవరి 1 నుండి అక్కడి నమోదు పరీక్షకు తొలిసారి అర్హత పొందడానికి స్నాతకోత్తర పట్టా కూడా తప్పనిసరి చేశారు. పాఠాలు దూరవిద్యలో చదివినా, శిక్షణ మాత్రం ప్రత్యక్షంగా పొందవలసినదే.

గుర్తింపు అంటే ఏమిటి

అమెరికాలో ప్రభుత్వం నేరుగా కళాశాలలకు గుర్తింపు ఇవ్వదు. స్వతంత్ర సంఘాలు కళాశాలలను పరీక్షించి గుర్తింపు ఇస్తాయి. ఆ సంఘాలు నమ్మదగినవా కావా అన్నది అక్కడి కేంద్ర విద్యాశాఖ నిర్ణయిస్తుంది. కనుక "మా కళాశాలకు గుర్తింపు ఉన్నది" అన్న మాట చాలదు, గుర్తించిన సంఘాన్ని ఎవరు గుర్తించారన్నది కూడా చూడాలి.

దూరవిద్య అయినంత మాత్రాన గుర్తింపు రాదనుకోవడం పొరపాటు. 1926లో ఏర్పడిన ఒక సంఘం నేడు డిస్టెన్స్ ఎడ్యుకేషన్ అక్రెడిటింగ్ కమిషన్ పేరుతో దూరవిద్యా సంస్థలనే పరిశీలిస్తున్నది. దీనికి విద్యాశాఖ ఆమోదం ఉన్నది. పోర్ట్‌లాండ్ నగరంలోని అమెరికన్ కాలేజ్ ఆఫ్ హెల్త్‌కేర్ సైన్సెస్ అనే దూరవిద్యా కళాశాల 2003లో ఈ సంఘం గుర్తింపు పొందింది. మరొక విషయం కూడా గమనించాలి. గుర్తింపు అనేది సంస్థ నిర్వహణకు, బోధనకు సంబంధించినది. అక్కడ నేర్పే ప్రతి చికిత్సా పనిచేస్తుందనడానికి అది రుజువు కాదు.

క్లేటన్ కళాశాల ఉదంతం

ఈ రంగంలో ఎక్కువగా చర్చకు వచ్చిన సంస్థ అమెరికాలోని అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్ నగరానికి చెందిన క్లేటన్ కాలేజ్ ఆఫ్ నేచురల్ హెల్త్. దీనిని లాయిడ్ క్లేటన్ 1980లో స్థాపించాడు. బోధన అంతా దూరవిద్యలోనే జరిగేది. సహజ ఆరోగ్యం, సంపూర్ణ పోషణ, ప్రకృతి చికిత్స విషయాలలో డిగ్రీ నుండి పీహెచ్‌డీ వరకు పట్టాలు ఇచ్చేది. తనకు రెండు సంఘాల గుర్తింపు ఉన్నదని ఈ కళాశాల చెప్పుకొనేది. ఆ రెండింటికీ విద్యాశాఖ ఆమోదం లేదు. అందువలన ఇక్కడి పట్టాతో, ప్రకృతి వైద్యులకు లైసెన్సు ఇచ్చే అమెరికా రాష్ట్రాలలో లైసెన్సు పొందడం సాధ్యం కాలేదు. ఆ లైసెన్సుకు ఆమోదిత కళాశాలలో నాలుగేళ్ళ చదువు, రోగులతో ప్రత్యక్ష శిక్షణ, లైసెన్సు పరీక్ష అవసరం. 2010లో కళాశాల మూతపడింది. చదువు మధ్యలో ఉన్న విద్యార్థులకు తాము పూర్తిచేసిన పాఠ్యాంశాలను గుర్తింపు గల మరొక విశ్వవిద్యాలయంలో లెక్కలోకి తెచ్చుకొనే మార్గం దాదాపు లేకపోయింది.

ఇక్కడ పట్టా పొందిన వారిలో గిలియన్ మెక్‌కీత్ ఒకరు. బ్రిటనులో 2004లో ప్రారంభమైన ఒక టెలివిజన్ ఆహార కార్యక్రమం ద్వారా ఆమె ప్రసిద్ధురాలైనది. ఆకుకూరలలోని పత్రహరితం రక్తానికి ఆక్సిజన్ అందిస్తుందని ఆమె చెప్పిన మాటను శాస్త్రజ్ఞులు విమర్శించారు. పత్రహరితం వెలుతురు ఉంటేనే ఆక్సిజన్ తయారీలో పాల్గొంటుందని, పేగులలో వెలుతురు ఉండదని ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడా తెలుసు. వ్యాపార ప్రకటనలలో తన పేరుకు ముందు డాక్టర్ అని వాడడంపై ప్రకటనల ప్రమాణాల సంస్థకు ఫిర్యాదు వెళ్ళగా, 2007లో ఆమె ఆ వాడకాన్ని మానుకోవడానికి అంగీకరించింది. ఆమె సభ్యురాలిగా ఉన్న ఒక అమెరికా పోషకాహార సలహాదారుల సంఘంలో, బ్రిటిష్ వైద్యుడు, రచయిత బెన్ గోల్డేకర్ 60 డాలర్లు చెల్లించి, చనిపోయిన తన పిల్లి పేరిట సభ్యత్వ పత్రం తెప్పించి చూపాడు.

క్షార ఆహారంపై పుస్తకాలు వ్రాసిన రాబర్ట్ యంగ్ కూడా క్లేటన్ పట్టాదారే. లైసెన్సు లేకుండా వైద్యం చేసిన నేరం 2016లో కాలిఫోర్నియా న్యాయస్థానంలో అతనిపై రుజువై, మరుసటి సంవత్సరం జైలుశిక్ష పడింది. ఈ ఉదాహరణలను బట్టి అక్కడ చదివిన వారందరూ ఇటువంటివారే అనుకోరాదు. ఆసక్తి కొద్దీ, కుటుంబ ఆరోగ్యం కోసం చదివినవారు కూడా ఉన్నారు. అయితే పట్టా చేతికి ఇచ్చిన సంస్థ, దానితో ఏమి చేయవచ్చునో ఏమి చేయరాదో నేర్పకపోతే కలిగే ఫలితాన్ని ఇవి తెలియజేస్తాయి.

భారతదేశంలో

1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం చట్టం ప్రకారం పట్టాలు ఇచ్చే అధికారం చట్టబద్ధమైన విశ్వవిద్యాలయాలకు, వాటితో సమాన హోదా గల సంస్థలకు మాత్రమే ఉన్నది. గుర్తింపు గల సంస్థ దూరవిద్యలో ఇచ్చిన పట్టా, కళాశాలకు వెళ్ళి చదివిన పట్టాతో సమానమని ఈ సంఘం 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది. కాని వైద్యం, దంతవైద్యం, నర్సింగు, ఫార్మసీ, ఫిజియోథెరపీ వంటి చదువులను దూరవిద్యలో నడపరాదని 2020 నిబంధనలు చెబుతున్నవి.

పోషకాహార శాస్త్రం విషయంలో చాలా కాలం వెసులుబాటు ఉండేది. ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం డైటెటిక్స్‌లో ఎమ్మెస్సీని ప్రయోగ తరగతులతో సహా దూరవిద్యలో నడిపింది. అనుబంధ ఆరోగ్య వృత్తులపై 2021లో వచ్చిన జాతీయ చట్టం డైటీషియన్లను, పోషకాహార నిపుణులను తన పరిధిలోకి తీసుకొన్నది. దానిని అనుసరించి, 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుండి ఆహార, పోషకాహార శాస్త్రం, క్లినికల్ న్యూట్రిషన్, డైటెటిక్స్ మొదలైన చదువులను దూరవిద్యలో గాని ఆన్‌లైనులో గాని నడపరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఆదేశించింది. ఈ నిర్ణయం వృత్తి ప్రమాణాలను కాపాడుతుంది. అయితే ఊరు వదలి వెళ్ళలేని విద్యార్థులకు, ముఖ్యంగా స్త్రీలకు, ఇంతకాలం ఉన్న ఒక దారి దీనితో మూసుకుపోయింది.

ప్రకృతి వైద్యుడు కావడానికి దేశంలో ప్రధానమైన చదువు బీఎన్‌వైఎస్. ఇది శిక్షణతో కలిపి ఐదున్నర సంవత్సరాల పూర్తికాల కోర్సు. హైదరాబాదులోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాలలో దీనిని బోధిస్తున్నారు. జాతీయ పోషకాహార సంస్థలోని అనువర్తిత పోషకాహార ఎమ్మెస్సీ కూడా పూర్తికాల చదువే.

చేరే ముందు పరిశీలించవలసినవి

- పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయమా, లేక పేరులో మాత్రమే విశ్వవిద్యాలయమా? విశ్వవిద్యాలయ నిధుల సంఘం నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను ప్రకటిస్తుంది.
- సంస్థకే గాక, చేరబోయే కోర్సుకు, ఆ సంవత్సరానికి అనుమతి ఉన్నదా? దూరవిద్యలో అనుమతి కోర్సువారీగా ఇస్తారు.
- విదేశీ పట్టా అయితే భారతదేశంలో దానికి సమానత లభిస్తుందా? డబ్బు కట్టక ముందే దీనిని తెలుసుకోవాలి.
- ఆసుపత్రిలో పర్యవేక్షిత శిక్షణ ఎన్ని గంటలు, ఎవరి ఆధ్వర్యంలో?
- ఆ పట్టాతో ఏ వృత్తి సంఘంలో నమోదు కావచ్చును? నమోదు లేనప్పుడు పేరుకు ముందు డాక్టర్ అని వ్రాసుకొని రోగులను చూడడం చట్టరీత్యా చిక్కులు తెస్తుంది.

జ్ఞానం కోసమే చదవదలచినవారికి పట్టా లేని చిన్న కోర్సులు, మంచి పాఠ్యగ్రంథాలు తక్కువ ఖర్చుతో ఆ ప్రయోజనం నెరవేరుస్తాయి. వృత్తిగా స్వీకరించదలచినవారు మాత్రం పై ప్రశ్నలన్నిటికీ వ్రాతపూర్వకమైన సమాధానం పొందిన తరువాతనే చేరడం మంచిది.

ఇవి కూడా చూడండి

- ప్రకృతి వైద్యం
- దూరవిద్య
- జాతీయ పోషకాహార సంస్థ
- డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం