వెళ్ళొస్తానని చెప్పు

చెప్పులేసుకుని, సంచీ భుజానికి తగిలించుకుని ‘వెళ్తున్నా అమ్మమ్మా’ అన్నాను. గుమ్మం దాకా వచ్చిన అమ్మమ్మ అక్కడే ఆగిపోయింది. ‘అదేం మాటరా, వెళ్ళొస్తానను!’ అవతల బస్సు టైమైపోతోంది. అయినా ఆ మాట అనేదాకా కదలనివ్వలేదు. అన్నాక అరిసెల డబ్బా సంచీలో పెట్టి, ‘క్షేమంగా వెళ్ళి లాభంగా రా’ అంది. తెలంగాణ పల్లెలో అయితే ‘పోయొస్త’ అంటే ‘పైలం బిడ్డా’ అంటారు. యాస ఏదైనా, తిరిగి రావడం ఆ మాటలోనే ఉంది.

అమ్మమ్మ ఇంట్లో బియ్యం అయిపోయేవి కావు. సోల డబ్బా అడుగుకి గీసుకుంటున్నా ‘నిండుకున్నాయి’ అనేది. దీపం ఆరిపోయేది కాదు, కొండెక్కేది. బయల్దేరినవాణ్ణి ‘ఎక్కడికి’ అని కాదు, ‘ఎందాకా’ అని అడగాలి. ఇదంతా చాదస్తమనే అనుకునేవాణ్ణి. ఇప్పుడు మాత్రం, ఇంటివాళ్ళ చెవిన ‘లేదు’ అన్న మాట పడకూడదన్న ఆవిడ ఆరాటమే వినిపిస్తోంది.

అమెరికా మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టి. హాల్ 1976లో ‘బియాండ్ కల్చర్’ అనే పుస్తకం రాశారు. కొన్ని సమాజాల్లో చెప్పాల్సినదంతా మాటల్లోనే చెప్పేస్తారనీ, జపాన్ లాంటి చోట్ల చాలామటుకు సందర్భాన్నీ బంధాన్నీ బట్టి గ్రహించాలనీ అన్నారు. మన నాన్నలది అచ్చంగా ఈ రెండో తీరే. డాలస్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి ‘తిన్నావా? చలెలా ఉంది? ఇదిగో, అమ్మకిస్తున్నా’ అంటారు. ఆయన బెంగంతా ఆ ‘తిన్నావా’లోనే ఉంది. పక్కనున్నవాళ్ళకి అది ఉత్త భోజనం కబురు.

తెలుగులో ఒక్క మాట తేడాతో మనిషి లోపలివాడో బయటివాడో తేలిపోతుంది. ‘మనం’ అంటే వింటున్నవాళ్ళూ కలిసినట్టు, ‘మేం’ అంటే వాళ్ళు కానట్టు. తమిళంలోనూ ఈ తేడా ఉంది. పక్కనున్న కన్నడంలో ఇప్పుడు రెండింటికీ ‘నావు’ ఒక్కటే. ఇంగ్లిష్‌ ‘వి’కీ ఈ బాధ లేదు. ఫ్లాట్ రిజిస్ట్రేషన్ అయిన రోజు సంతోషంలో నాన్నకి ఫోన్ చేసి ‘మేం ఇల్లు కొన్నాం నాన్నా’ అన్నాను. ‘మంచిదిరా’ అని ఊరుకున్నారు. నెల తర్వాత అమ్మ మెల్లగా అంది: ‘మనం కొన్నాం అనాల్సింది నాన్నా. ఆ రాత్రి ఆయన సరిగా అన్నం తినలేదు.’ నాకు ఇంటివాయిదాల లెక్క తెలుసు గానీ, ఆ మాట బరువు తెలియలేదు.

అలాగని ఈ మాటమరుగు అంతా మంచిదేనని అనలేను. అత్తారింట్లో నలిగిపోతున్న ఆడపిల్ల కూడా ‘బానే ఉన్నానమ్మా’ అనే అంటుంది. ఎదుటివాళ్ళని నొప్పించకూడదని నేర్పిన ఇల్లే, తన నొప్పిని దాచుకోవడమూ నేర్పింది. ఆ దాపరికానికి ఎక్కువ మూల్యం చెల్లించింది ఆడవాళ్ళే.

అందుకే ఇప్పుడు అమ్మ ‘నాకేంరా, బానే ఉన్నా’ అనగానే ఫోన్ పెట్టెయ్యను. ‘ఇవాళ మేడ మీద బట్టలెవరు ఆరేశారు?’ అని అడుగుతాను. కాసేపు మాట్లాడదు. ఆ తర్వాత గానీ మోకాలి సంగతి బయటికి రాదు.