గర్‌ర్... మంటే కంగారొద్దు, ఆగకపోతే ఊరుకోవద్దు!

అమెరికాలో కూతురి పురుడు చూసుకుని ఆర్నెల్ల తర్వాత విశాఖ తిరిగొచ్చారు ఆ దంపతులు. అపార్ట్‌మెంట్ కింద కారు దుమ్ము కొట్టుకుపోయి ఉంది. కవరు తీసి, కొత్త బ్యాటరీ వేయించి, సింహాచలం వెళ్దామని బయల్దేరారు. గేటు దాటకముందే చక్రాల దగ్గర్నుంచి గర్‌ర్... మంటూ రేకు మీద గునపంతో గీసినట్టు చప్పుడు. ''ఏవండీ, ఆపేయండి. ఆటోలో పోదాం'' అంది ఆవిడ. ''ప్యాడ్లు పోయాయి సార్, సెట్టంతా మార్చాల్సిందే'' అన్నాడు వీధి చివరి మెకానిక్.

విదేశాలనుంచి తిరిగొచ్చిన పెద్దవాళ్ల ఇళ్ల ముందు తరచూ కనిపించే దృశ్యమే ఇది. 2020 లాక్‌డౌన్ తర్వాత ఎన్నో కార్లు ఇలాగే గోలపెట్టాయి. చాలాసార్లు ఆ చప్పుడుకి పైసా ఖర్చు పెట్టక్కర్లేదు. కొన్నిసార్లు మాత్రం ఆవిడ చెప్పినట్టు ఆటో ఎక్కడమే మేలు. ఏది ఎప్పుడో తెలియాలంటే చక్రం లోపల ఏం జరుగుతుందో చూడాలి.

తోమే దిక్కులేక...

కార్లలో ముందు చక్రాల లోపల పళ్లెంలాంటి డిస్కు ఉంటుంది. బ్రేకు తొక్కగానే రెండు ప్యాడ్లు దాన్ని రెండువైపులనుంచీ నొక్కి పట్టుకుంటాయి. డిస్కుని సాధారణంగా పోత ఇనుముతో చేస్తారు. వేడిని బాగా తట్టుకుంటుంది, చవక కూడా. కానీ తడి తగిలితే తుప్పే. కారులో మిగతా ఇనుముకు రంగు వేయొచ్చుగానీ, ప్యాడ్లు పట్టుకునే చోట వేసే వీల్లేదు. రోజూ తిరిగే బండిలో ఆ ప్యాడ్లే డిస్కును తోమి మెరిపిస్తుంటాయి. బండి నిలబడితే ఆ పని చేసేవారుండరు. ఒక్క రాత్రి వాన కురిసినా చాలు, తెల్లారేసరికి నారింజరంగు పొర పేరుకుంటుంది. ఇక సముద్రపు గాలిలో ఉప్పు కూడా ఉంటుంది కాబట్టి విశాఖ, కాకినాడల్లో తుప్పుకు పండగే.

ఈ పలుచని పొర చేసే గోల నిరపాయమైనది. ముందుగా ఇంజిన్ స్టార్ట్ చేసి, బండి కదపకుండానే పెడల్ తొక్కి చూడాలి. అది గట్టిగా నిలబడి, డబ్బాలో బ్రేక్ ఆయిల్ సరిపడా ఉంటేనే కదలాలి. ఖాళీ రోడ్డు మీద 20, 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ, పది పదిహేనుసార్లు మెల్లగా బ్రేకు వేస్తూ వదులుతూ ఉంటే చాలు. చప్పుడు క్రమంగా సన్నగిల్లి ఆగిపోతుంది.

అన్నట్టు, డిస్కు బ్రేకుల గోల ఈనాటిది కాదు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో డిస్కు బ్రేకుకు పేటెంట్ తీసుకున్నాడు. అందులో రాగి ప్యాడ్లు ఇనుప డిస్కును రాసుకునేవి. ఆ కీచురాగం భరించడం ఎవరి తరమూ కాలేదు! కొన్నేళ్లకు హెర్బర్ట్ ఫ్రూడ్ ఆస్‌బెస్టాస్ లైనింగు తొడిగి దాన్ని అణచగలిగాడు. ఆ ఆస్‌బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులను తినేస్తుందని తర్వాత తేలింది.

ఎంతకీ ఆగకపోతే

నాలుగైదు కిలోమీటర్లు తిరిగినా చప్పుడు తగ్గలేదంటే కారణం వేరే ఉన్నట్టే. చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకేచోట టక్... టక్... మంటుంటే, ప్యాడు ఆనుకుని ఉన్నచోట తుప్పు లోతుగా తినేసి ఉండొచ్చు. డిస్కును లేతు మీద టర్నింగ్ చేయించడమో, మార్చడమో తప్పదు. సన్నగా కీ...మనే కూత మరో రకం. కొన్ని ప్యాడ్లకు చిన్న ఇనుపరేకు ఉంటుంది. ప్యాడ్ అరిగిపోయాక అది డిస్కుకు తగిలి కూస్తుంది. కంపెనీవాళ్లు కావాలని పెట్టిన హెచ్చరిక అది. అప్పుడు మాత్రం మెకానిక్ మాట వినాల్సిందే.

బండి ఒక పక్కకు లాగుతున్నా, ఆపాక ఒక చక్రం దగ్గర మాత్రమే వేడి సెగ, కాలిన వాసన వస్తున్నా కాలిపర్ బిగుసుకుపోయిందని అనుమానించాలి. బ్రేకు వదిలినా ప్యాడు డిస్కును వదలడం లేదన్నమాట. వేలుపెట్టి చూస్తే చర్మం ఊడొస్తుంది, దూరంనుంచే గమనించాలి.

చప్పుడు పోవడానికని కొందరు డిస్కు మీద నూనో, తుప్పు వదిలించే స్ప్రేనో కొడతారు. చప్పుడు నిజంగానే పోతుంది, దాంతోపాటు బ్రేకులూ పోతాయి! నూనె పీల్చిన ప్యాడ్లు ఇక పారేయడానికే.

చప్పుడు చేయని శత్రువు

ఇంత గోలలో ఎవరికీ గుర్తురానిది బ్రేక్ ఆయిల్. మామూలు కార్లలో వాడే ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. నాలుగు శాతానికి కాస్త తక్కువగా నీరు చేరితే ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. అరకు ఘాట్ దిగుతూ పదేపదే బ్రేకు తొక్కితే అంత వేడి పుట్టడం అసాధ్యమేమీ కాదు. ఆయిల్ మరిగి గొట్టాల్లో ఆవిరి చేరితే, పెడల్ నేలకు దిగిపోయినా బండి ఆగదు. ముందుగా ఏ చప్పుడూ ఉండదు. అందుకే మార్చి రెండేళ్లయిన బ్రేక్ ఆయిల్‌తో కొండదారి పట్టకపోవడం మంచిది.

వెళ్లేముందు ఓ అరగంట

ఊరెళ్లేముందు కారు కడిగించి అలాగే వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. కడిగాక రెండు మూడు కిలోమీటర్లు తిప్పి, బ్రేకులు వేసి తడి ఆరనివ్వాలి. వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకులున్న బండికి హ్యాండ్‌బ్రేక్ వేసి నెలల తరబడి వదిలేస్తే లోపలి లైనర్లు డ్రమ్ముకు అతుక్కుపోతాయి. అప్పుడు రేస్ చేసి లాగితే లైనరే ఊడిరావచ్చు. చదునైన చోట గేరులో ఉంచి, చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెడితే సరిపోతుంది.

తాళాలు తమ్ముడికో, పక్కింటబ్బాయికో ఇచ్చి వారానికోసారి రోడ్డు మీద తిప్పమంటే మరీ మంచిది. నిలబెట్టినచోటే ఇంజిన్ ఆన్ చేసి ఆపేస్తే బ్రేకులకు ఒరిగేదేమీ లేదు. హ్యాండ్‌బ్రేక్ వేయలేదని ఓ కాగితం మీద రాసి స్టీరింగుకు అంటించాలి. ఆర్నెల్ల తర్వాత ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది!