ఆటస్థలమే బాలల ఔషధశాల

“మా వాడికి ఆకలి లేదండీ, ఏదైనా లేహ్యం చెప్పండి” అని తెనాలిలో తల్లులు నన్ను తరచుగా అడుగుతూ ఉంటారు. లేహ్యం మాట చెప్పేముందు నేనొక ప్రశ్న వేస్తాను: “నిన్న సాయంత్రం మీ అబ్బాయి ఎంతసేపు ఆరుబయట ఆడుకున్నాడమ్మా?” బడి, ట్యూషను, టీవీ, సెల్‌ఫోను — వీటి నడుమ ఆటకు స్థానం లేదన్నదే సాధారణంగా వచ్చే సమాధానం.

శాస్త్రం ఏమంటున్నది?

బాల్యంలో కఫం ప్రబలంగా ఉంటుందని ఆయుర్వేదం చెబుతున్నది. వ్యాయామం వలన శరీరానికి తేలికదనం, పనిచేసే శక్తి, జఠరాగ్నికి దీప్తి కలుగుతాయని, మేదస్సు తగ్గుతుందని అష్టాంగహృదయంలో వాగ్భటుడు వివరించాడు. అష్టాంగసంగ్రహం పసివారి క్రీడాభూమిని గురించి కూడా ప్రస్తావించింది. అది సమతలంగా, రాళ్ళు, పదునైన వస్తువులు లేకుండా ఉండాలి. దానిపై వాయువిడంగాల వంటి ద్రవ్యాలు కలిపిన నీటిని గాని, వేపనీటిని గాని చల్లాలి.

కంటికి కూడా ఆటే రక్ష

చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరంలో కొన్ని ప్రాథమిక పాఠశాలల పిల్లలను రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడపనిచ్చారు. మూడేళ్ళలో వారిలో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి రాగా, మిగిలిన పాఠశాలల పిల్లలలో 39.5 శాతం మందికి వచ్చింది. ఈ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. చెట్టునీడలో సైతం పగటి వెలుతురు ఇంటి దీపాల వెలుగు కంటే అనేక రెట్లు ఎక్కువ. అయితే ఇప్పటికే కళ్ళజోడు అవసరమైన పిల్లలు దానిని మానరాదు.

మన ముంగిటి ప్రకృతి

తెనాలి నడుమ కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు పారుతున్నవి. గట్ల వెంట ఉదయాన నడిపిస్తూ గుంటగలగర, నేల ఉసిరి, ఉత్తరేణి మొక్కలను పిల్లలకు గుర్తు పట్టించండి. సెలవునాడు రైలులో రేపల్లె వెళితే దారి పొడవునా వరిచేలు, సమీపాన పెనుమూడి వద్ద కృష్ణమ్మ దర్శనమిస్తాయి. బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని సూర్యలంకలో ఇసుక మీద పరుగెత్తించండి. శీతకాలం చివర ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయని చెప్పండి.

పాటించవలసిన నియమాలు

1. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుండి 17 ఏళ్ళ వారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని సూచించింది. కోతికొమ్మచ్చి, ఏడుపెంకులాట, చెడుగుడు, తొక్కుడుబిళ్ళ ఇందుకు చాలును.

2. నుదుట చెమట పట్టి, నోటితో ఊపిరి తీయడం మొదలైతే సగం బలం వ్యయమైనట్లు. అప్పుడు కొంత విశ్రాంతినివ్వాలి.

3. వేసవిలో మిట్టమధ్యాహ్నం ఆటలు వద్దు. దాహానికి పలుచని మజ్జిగ, సబ్జా నీరు, తాటిముంజలు శ్రేష్ఠం.

4. భోజనం చేసిన వెంటనే, జ్వరంగా ఉన్నప్పుడు ఆడనీయరాదు.

5. కాలువలోకి, సముద్రంలోకి పెద్దల తోడు లేనిదే దిగనీయరాదు. జిల్లేడు పాలు కంటికి తగలకుండా చూడాలి.

6. మోకాలు గీసుకుపోతే సబ్బునీటితో కడగాలి. తుప్పుపట్టిన మేకు గుచ్చుకుంటే పసుపు అద్ది ఊరుకోక వైద్యుని వద్దకు తీసుకొనిపోయి ధనుర్వాతం టీకా సంగతి తేల్చుకోవాలి.

7. ఆదివారం నువ్వులనూనెతో ఒళ్ళు మర్దించి, సున్నిపిండితో స్నానం చేయించండి.

సాయంత్రం అయిదు నుండి ఆరు వరకు ఆటకే కేటాయించి ఒక నెల గమనించండి. చాలామంది పిల్లలు రాత్రి తామే కంచం ముందుకు వచ్చి కూర్చోవడం నేను చూస్తున్నాను. అప్పటికీ ఆకలి పుట్టకపోయినా, బరువు తగ్గుతున్నా వైద్యునికి చూపించండి.