పోలీసువారి విశ్రాంతి

గ్రామపెద్దలారా! సున్నపు బట్టీలకు పేరొందిన పిడుగురాళ్లలోనో, గుంటూరు నగరమునందో ముప్పదియేండ్లు తిరునాళ్లకును, ఎన్నికలకును కాపు గాచిన జవాను ఒకనాడు వట్టి గృహస్థుడై ఇల్లు చేరును. ఆంధ్రప్రదేశమున ఉద్యోగ విరమణ వయస్సు 2014లో 58 నుండి 60కిని, 2022లో 62కిని పెరిగినది.

పూర్వము చేరినవారికి 33 ఏండ్ల సేవకు కడపటి జీతములో సగము పింఛను. 2004 సెప్టెంబరు 1 నుండి చేరినవారికో, నెలనెల జీతమున నూటికి పది కోసి మదుపుచేయు పద్ధతి పెట్టిరి. ఒకే ఠాణాలో లాఠీ పట్టిన ఇరువురికి ముసలితనము వేరువేరుగా నుండుట విచిత్రమే.

సాటివారి రోగములకై పోలీసువారు జీతములనుండి చందా వేసికొను 'ఆరోగ్యభద్రత' కలదు. 1959 అక్టోబరు 21న లడఖులో చైనా సైనికుల కాల్పులకు పదిమంది పోలీసువారు మరణించిరి. ఏటేట ఆ తిథికి వారిని స్మరించి, పలుచోట్ల రక్తదానము చేయుదురు.

పింఛనుదారుడు పోయిన పిమ్మట భార్యకు కుటుంబ పింఛను కలదు. పత్రములలో ఆమె పేరో, పుట్టిన తేదీయో తప్పిన, దుఃఖములో కచేరీల చుట్టు తిరుగవలసివచ్చును. మీ ఊరికి వచ్చిన విశ్రాంత పోలీసు కొంత బిరుసువాడే కావచ్చును. అయినను అర్జీ వ్రాయుట, ఠాణాకు జంకువానికి తోడుపోవుట అతనికి తెలిసిన పనులు. అరుగుమీద చోటిచ్చి అడిగి చూడుడు. అతని పింఛను కాగితములను భార్యకు చూపెనో లేదో, అదియు అడుగుడు.