పన్నుల వేళ వచ్చే బీమా కాగితం

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మనవారిలో చాలామందికి ఆరోగ్య బీమా కంపెనీయే ఇస్తుంది. ఉద్యోగం పోయినా, సొంత వ్యాపారం పెట్టుకున్నా బీమా ఎవరికి వారే కొనుక్కోవాలి. 2010 నాటి చట్టంతో ఏర్పడిన మార్కెట్‌ప్లేస్‌లు అందుకే ఉన్నాయి. 2014 నుంచి వాటి ద్వారా కొన్న బీమా అమలులో ఉంది.

“ఈ ఏడాది నాకింత ఆదాయం వస్తుంది” అని మనం చెప్పిన అంచనాను బట్టి ప్రభుత్వం ప్రీమియంలో కొంత భాగం నెలనెలా బీమా కంపెనీకి కడుతుంది. ఇది దానం కాదు, ముందుగా ఇచ్చిన పన్ను రాయితీ. ఏడాది తిరిగాక లెక్క అప్పజెప్పవలసిందే.

ఆ లెక్కకు ఆధారం 1095-ఎ అనే ఫారం. జనవరి 31 నాటికి మార్కెట్‌ప్లేస్ దాన్ని పంపుతుంది. అందులో నెలవారీగా మూడు వరుసలుంటాయి: ప్రీమియం ఎంత, మీ ప్రాంతంలో సిల్వర్ తరగతి బీమాలలో రెండవ చవకదాని వెల ఎంత, ప్రభుత్వం ముందుగా కట్టినది ఎంత. ఈ అంకెలను 8962 అనే మరో ఫారంలో వేసి, పన్ను లెక్కతోపాటు పంపాలి. 1095-ఎ జతపరచనక్కరలేదు, ఇంట్లో దాచుకుంటే చాలు. 8962 మానేస్తే మాత్రం పన్ను లెక్క ఆగిపోతుంది. మున్ముందు ఈ సాయమూ ఆగవచ్చు.

మా వీధిలోని ఒక తెలుగు కుటుంబానికి ఇది అనుభవంలోకి వచ్చింది. వేసవిలో ఆయన ఉద్యోగం పోతే ఇలాగే బీమా కొన్నారు. అక్టోబరులో మంచి జీతంతో, కంపెనీ బీమాతో కొత్త ఉద్యోగం దొరికింది. ఆ సంతోషంలో పాత బీమా మాట మరిచారు. పన్నుల వేళ ఆవిడ నన్నడిగింది: “మన చేతికి ఒక్క డాలరైనా రాలేదే అన్నయ్యగారూ, తిరిగి కట్టమంటారేమిటి?”

డబ్బు వెళ్ళింది బీమా కంపెనీకే అయినా, రాసుకున్నది వారి పద్దులో అని చెప్పాను. కంపెనీ తగిన ధరకు బీమా ఇస్తానన్న నెలలకు ఈ రాయితీ చెల్లదు. అంచనాకన్నా ఆదాయం పెరిగినా రాయితీ తగ్గుతుంది. ఆదాయం తగ్గితే ఒక్కోసారి మనకే డబ్బు వస్తుంది.

2025 ఆదాయం వరకు, ఒక మేరకు లోబడి సంపాదించేవారు తిరిగి కట్టే మొత్తానికి హద్దు ఉండేది. 2025లో వచ్చిన చట్టం 2026 ఆదాయం నుంచి ఆ హద్దు తీసివేసింది. ఎక్కువ వచ్చినదంతా తిరిగి కట్టాలి.

కనుక ఉద్యోగం మారినా, జీతం పెరిగినా, పెళ్ళయినా, బిడ్డ పుట్టినా మార్కెట్‌ప్లేస్‌కు వెంటనే తెలియజేయాలి. ఫారంలో తప్పుంటే సరిదిద్ది పంపమని అడగవలసినదీ వారినే. ఆ దేశంలో ఉన్న మీ అబ్బాయో అమ్మాయో కొత్త ఉద్యోగం వచ్చిందని ఫోను చేస్తే, శుభం పలికాక ఈ ఒక్కమాట గుర్తు చేయండి.